పెట్టెలు, ప్రశ్నార్థకాలు: పాటల ప్లేయర్ ఎంచుకోవడంలో నా అనుభవం

నిన్న రాత్రి పన్నెండు దాటాక పని తెమిలింది. కళ్లింకా మండుతున్నాయి, కోపమూ చల్లారలేదు. ఈ వేడి మీదే రాసేస్తున్నా.

కంప్యూటర్లో పాటలకి ఏ ప్లేయర్ బాగుంటుందని అడిగేవాళ్లకి ముందో మాట. ఒకే ఫైలుని ఒకే వాల్యూమ్‌లో, ఈక్వలైజరూ మిగతా ఎఫెక్టులూ ఆపేసి వింటే ఎందులో విన్నా శబ్దం ఒకటే. "ఫలానాదాంట్లో బేస్ అదిరిపోద్దండి" అనేవాళ్లు ఎప్పుడో ఈక్వలైజరు ఆన్ చేసి మర్చిపోయినవాళ్లు. అసలు తేడాలు పేర్లు చూపించడంలో, వెతకడంలో, వాల్యూమ్ సరిచేయడంలో, ఒక ఫైలు అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట. తెలుగులో పేర్లు రాసుకునేవాళ్లకి మొదటిదే ప్రాణం తీస్తుంది.

మాది కోనసీమ. నా దగ్గర 11 వేల పైచిలుకు ఫైళ్లున్నాయి. సగం సినిమా పాటలు, మిగతావి కేసెట్ల నుంచి ఎక్కించిన హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు. మిషను 4 జీబీ ర్యామ్ ఉన్న పాత డెస్క్‌టాప్, విండోస్ 10. పండగలకి రామాలయం మైకు కూడా దీని మీదే.

ప్లేయర్లు దించుకోవడం, ఎక్కించడం అరగంట పని, అన్నీ ఉచితమే. పచ్చగా మెరిసే దొంగ డౌన్‌లోడ్ బటన్లు నొక్కకుండా అసలు సైటుకి వెళ్తే చాలు.

వీఎల్‌సీ ఏ ఫైలు ఇచ్చినా వాయిస్తుంది, తెలుగు బాగానే చూపిస్తుంది. కానీ 11 వేల ఫైళ్ల లైబ్రరీ నడపడం దానివల్ల కాదు. దాని వాల్యూమ్ 125 శాతం దాకా వెళ్తుంది, ఆ 100 దాటిన భాగమంతా బలవంతపు పెంపు, గట్టి పాటల్లో గొంతు పగులుతుంది. మైకుకి ఇచ్చేవాళ్లు 100 దగ్గర ఆపి యాంప్లిఫయర్ తిప్పుకోండి. విండోస్ పాత మీడియా ప్లేయర్లో ఇంటర్నెట్ నుంచి వివరాలు తెచ్చుకునే ఆప్షన్ ముందు తీసేయండి. లేకపోతే అదే పెత్తనం తీసుకుని మీరు రాసుకున్న పేర్లు చెరిపి వేరే ఆల్బమ్ పేర్లు రాసే ప్రమాదం ఉంది. ఎయింప్ చూడ్డానికి బాగుంటుంది, టైము పెట్టి కంప్యూటర్ ఆపించుకోవచ్చు, పొద్దున్నే అలారంలా పాట మొదలెట్టించుకోవచ్చు. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టే గుళ్లకి ఇంతకన్నా సుఖం లేదు. మ్యూజిక్‌బీ ట్యాగులు (ఫైల్లోనే దాగి ఉండే పాట పేరు, గాయకుడు లాంటి వివరాలు) దిద్దడంలో ఘటికురాలు, కాకపోతే ఫైళ్లు సర్దే ఆప్షన్ తెలియక నొక్కితే ఫోల్డర్లు, పేర్లు అన్నీ తనకి నచ్చినట్టు మార్చేస్తుంది. లినక్స్ వాళ్లకి స్ట్రాబెర్రీ, అడేషియస్ ఉన్నాయి. ఒక్క సంగతి: లినక్స్‌లో ఫైలు పేరుకి సాధారణంగా 255 బైట్లే హద్దు, తెలుగులో అది 85 అక్షరాలు, గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కేస్తే. హరికథల పేర్లు దాన్ని ఇట్టే దాటతాయి.

ఇక నా పరువు తీసిన ఘట్టం.

వినాయక చవితి పందిట్లో ఒక పెద్దాయన అంతర్వేది హరికథ పెట్టమన్నారు. వెతికితే లేదు. జాబితా కిందికి జరిపితే వరసగా ఖాళీ పెట్టెలు, వాటి కింద ప్రశ్నార్థకాలు. మైకుసెట్టు కుర్రాడు వెనకనుంచి, "ఆయ్, మీ కంప్యూటర్‌కి తెలుగు రాదేమోనండి" అన్నాడు. అప్పుడు నేను వాడుతున్నది విన్యాంప్. 1997 నుంచి ఉన్న ప్లేయర్, దానిమీద మమకారం కొద్దీ వదల్లేదు. ఇంటికొచ్చి వరసగా ఐదు ప్లేయర్లు మార్చాను. ఒకే ఫైలు ఒకదాంట్లో సరైన పేరుతో, ఇంకోదాంట్లో ప్రశ్నార్థకాలతో, మూడోదాంట్లో సగం పేరుతో కనిపించింది. తప్పు ప్లేయర్లదే అనుకుని వాటిని తిట్టుకుంటూ నాలుగు రోజులు పోగొట్టాను. రోగం చాలావరకు ఫైళ్లలో ఉంది.

ఎంపీత్రీ ఫైల్లో పాట పేరు ఒక్కచోటే ఉండదు. ఫైలు చివర ఐడీ3 మొదటి వెర్షన్ ట్యాగు ఉంటుంది: మొత్తం 128 బైట్లు, అందులో పేరుకి 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కి 30. ఫైలు మొదట్లో రెండో వెర్షన్ ట్యాగు ఉంటుంది, దానికి ఇలాంటి ఇరుకు లేదు. పాటల వాల్యూమ్ సరిచేసే ఎంపీత్రీగెయిన్ వాడి ఉంటే ఏపీఈ అని మూడోదీ చేరుతుంది. ఏ ప్లేయర్ దేన్ని ముందు చదువుతుందో దాని ఇష్టం. ఒకే ఫైలుకి మూడు పేర్లు వచ్చింది అందుకే.

ఇప్పుడు ఆ 30 బైట్లలో తెలుగు ఎంత పడుతుందో చూడండి. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలూ ఉన్న యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిలో, ప్రతి తెలుగు అక్షరానికి 3 బైట్లు. "అంతర్వేది తిరునాళ్ళ హరికథ" అన్న పేరే తీసుకోండి. అ, సున్నా, త, ర, పొల్లు, వ, ఏత్వం, ద, గుడి: "అంతర్వేది" ఒక్కటే 9, అంటే 27 బైట్లు. ఖాళీకి ఒకటి, 28. మిగిలింది రెండు. "తి"లో తకారానికే మూడు కావాలి, అది రెండు ముక్కలతో తెగిపోతుంది. అందుకే "అంతర్వేది" తర్వాత ఒక వింత గుర్తు వచ్చి ఆగిపోయేది.

తెర మీద కనిపించేదాన్ని బట్టి రోగం చెప్పొచ్చు. ఖాళీ పెట్టెలైతే అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, చూపించే ఫాంటులోనే తెలుగు లేదు. విన్యాంప్ పాత స్కిన్లలో (ప్లేయర్‌కి తొడిగే పైరూపాల్లో) పేరు పరిగెత్తే పట్టీకి బొమ్మ ఫాంటు వాడతారు, అందులో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప ఏమీ ఉండవు. క్లాసిక్ స్కిన్ సెట్టింగుల్లో బిట్‌మ్యాప్ ఫాంటు అన్నచోట టిక్ తీసేస్తే తెలుగు వస్తుంది. ఆ టిక్ పక్కనే అది ఇతర భాషలకి పనిచేయదని రాసే ఉంది. ఇన్నేళ్లూ చదవకపోవడం నా ఖర్మ.

నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కన డిగ్రీల సున్నా, మధ్యమధ్య ప్లస్ కింద మైనస్ కనిపిస్తే భయపడకండి. తెలుగు అక్షరాల మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెంటిలో ఒకటి. ఆ మూడింటినీ తెలుగని గుర్తుపట్టక పాశ్చాత్య అక్షరాలుగా చదివితే ఈ మూడు గుర్తులే మళ్లీ మళ్లీ వస్తాయి. సరుకు పోలేదు. ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో యాక్షన్ల కింద కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) మార్పు ఉంది, దానితో వెనక్కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్నార్థకాలైతే జాగ్రత్త. యూనికోడ్ తెలియని పాత సాఫ్ట్‌వేర్ తనకి చోటులేని ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకం చేసేస్తుంది. విండోస్‌లో పాత పద్ధతి కోడ్‌పేజీ తెలుగుకి లేనే లేదు, కాబట్టి భాష సెట్టింగులు తిప్పితే పెద్దగా లాభం ఉండదు. విన్యాంప్ 2.95 లాంటి వెర్షన్లో తెరిచి, సరిచేద్దామని ట్యాగు సేవ్ చేశారా, ఆ పేరు ఇక పోయినట్టే. నావి నాలుగు వందలు అలా పోయాయి.

ఇవేవీ కాకుండా ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్లు కలగాపులగంగా ఉంటే అది అను, శ్రీలిపి లాంటి డీటీపీ (అచ్చు పనికి వాడే) ఫాంట్లలో కొట్టిన పేరు. ఏ ఫాంటో తెలిస్తే దానికి కన్వర్టర్ వెతుక్కోవాలి, తెలియకపోతే విని మళ్లీ టైపు చేసుకోవడమే.

దిద్దిన వరస ఇదీ. ముందు ఫోల్డరంతా వేరే డిస్కులోకి కాపీ చేశాను. ఎంపీత్రీట్యాగ్‌లో ఆప్షన్లు, ట్యాగులు, ఎంపెగ్ అన్నచోట రాసే పద్ధతి ఐడీ3 2.3, యూటీఎఫ్-16 అని పెట్టాను. 2.4లో యూటీఎఫ్-8 ఉంటుంది గానీ పాత కారు స్టీరియోలు చాలావాటికి అది అర్థం కాదు. అక్కడే మొదటి వెర్షన్ రాయడం ఆపేశాను. తర్వాత ఫైలు పేరు నుంచి ట్యాగు రాసే కన్వర్టర్ వాడాను. నా అదృష్టం, ఫైళ్ల పేర్లు చెడలేదు, విండోస్ డిస్కు వాటిని యూనికోడ్‌లోనే దాచుకుంటుంది. మూడొంతుల పేర్లు దీంతోనే బాగయ్యాయి. చివర్లో మొదటి వెర్షన్ ట్యాగు తీసేయాలి. ఆప్షన్లలో తొలగించే గడిలో దానికి మాత్రమే టిక్ ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. రెండో వెర్షన్‌కి కూడా టిక్ ఉండిపోతే, ట్యాగు తొలగించు అనగానే అంతా ఊడ్చుకుపోతుంది. ఒక బుర్రకథల ఫోల్డరు నాకలా పోయింది, కాపీ ఉండబట్టి బతికాను.

అయినా వెతుకులాట కుదరలేదు. "పి.సుశీల", "పి. సుశీల" కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. తిరునాళ్ళ, తిరునాళ్ల కూడా వేరువేరే. ఇంకో మాయ, కనిపించని నాన్-జాయినర్: "రికార్డ్‌లు" అని ఒత్తు పడకుండా కొట్టడానికి కీబోర్డు మధ్యలో ఒక కంటికి కనపడని గుర్తు పెడుతుంది, అది లేకుండా వెతికితే దొరకదు. ఒక పద్ధతి ఎంచుకుని ఎంపీత్రీట్యాగ్‌లో రీప్లేస్ యాక్షన్‌తో అన్నిటికీ ఒకేసారి మార్చేశాను.

టౌనులో పాటలెక్కించే ఒక షాపు గురించి చెప్పకుండా ఉండలేను. డబ్బులు తీసుకుని ఎక్కించిన ప్రతి పాటకీ ఆల్బమ్ పేరు తీసేసి తన ఫోన్ నంబరు పెట్టింది. ఘంటసాల పక్కన ఫోన్ నంబరేమిటండీ? పైగా 320 కేబీపీఎస్ (పాట ఒక్కో సెకనుకి పట్టే కిలోబిట్లు) అని ఇచ్చినవి చాలావరకు 128వే, ఉబ్బించి ఇచ్చినవి. శబ్దంలోని పౌనఃపున్యాలని బొమ్మగా చూపించే స్పెక్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. నాలుగు నిమిషాల పాట 128లో 3.8 ఎంబీ, 320లో 9.6. డిస్కు నిండటం తప్ప ఒరిగిందేమీ లేదు.

చివరికి నిలబడింది ఫూబార్2000. 2002 నుంచి వస్తోంది, మొహం చూస్తే లెక్కల పుస్తకంలా ఉంటుంది, కానీ 11 వేల ఫైళ్లనీ ఈ పాత మిషన్లో నసగకుండా మోస్తోంది. ఫాంటు నిర్మలా యూఐకి మార్చి సైజు 11 పెట్టండి, చిన్నదైతే వరస కింద ఒత్తులు తెగి "అమ్మ" కాస్తా "అమ"లా కనిపిస్తుంది.

వాల్యూమ్ సంగతి. కేసెట్ హరికథ సన్నగా, దాని వెనక కొత్త సినిమా పాట చెవులు పగిలేలా రావడం అందరికీ ఉన్న బాధే. ఫూబార్‌లో ఫైళ్లన్నీ ఎంచి, కుడి క్లిక్, రీప్లేగెయిన్, ఒక్కో ఫైలుకి విడిగా లెక్కించే ఆప్షన్. రాత్రి పెట్టి పడుకున్నాను, పొద్దున్నకి అయిపోయింది. కొత్త పాటలకి మైనస్ 9, 10 డీబీ (డెసిబెల్స్), హరికథలకి ప్లస్ 4, 5 వచ్చాయి. ఫలితాల కిటికీలో ట్యాగులు అప్‌డేట్ చేయమని నొక్కాలి, ఊరికే మూసేస్తే రాత్రంతా పడ్డ కష్టం గోదాట్లో కలిసినట్టే. ప్లేబ్యాక్ సెట్టింగుల్లో ట్రాక్ గెయిన్ ఎంచి, క్లిప్పింగ్ (శబ్దం హద్దు దాటి పగలడం) ఆపే ఆప్షన్ పెట్టాలి. లెక్క వేయని ఫైళ్లకి ప్రీఆంప్ (మొత్తం వాల్యూమ్‌ని ముందే పెంచే, దించే మీట) మైనస్ 8 ఇస్తే కొత్తగా ఎక్కించినవి ఉలిక్కిపడేలా రావు. ఇది పాటని ముట్టుకోదు, ట్యాగులో అంకె రాస్తుందంతే. టీవీలు, కారు స్టీరియోలు చాలావరకు ఆ అంకెని పట్టించుకోవు.

ఈక్వలైజరు వాడేవాళ్లు ఒక బ్యాండ్ 6 డీబీ లేపితే ప్రీఆంప్ 6 డీబీ దించండి. పందిట్లో హారన్లకైతే బేస్ లేపడం శుద్ధ దండగ, హారన్లో అది పలకదు, యాంప్లిఫయర్ మాత్రం వేడెక్కుతుంది.

పద్యనాటకాలవాళ్లకి ఒక్క మాట. పద్యం మధ్యలో ఫైలు మారితే వీఎల్‌సీ 3లో రాగం తెగి చిన్న ఖాళీ వస్తుంది. ఎంపీత్రీ తయారయ్యేటప్పుడు మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం చేరుతుంది. ఎంపీత్రీలు తయారుచేసే లేమ్ ఎన్‌కోడర్ అదెంతో ఫైలు తలలో రాసి పెడుతుంది, ఫూబార్ ఆ లెక్క చూసి కత్తిరించి అతుకుతుంది. ఆ లెక్క లేని ఫైళ్లని అంత కచ్చితంగా అతకడం కష్టం. క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగానే ఇంకోటి మొదలెట్టడం) మాత్రం పెట్టకండి, ఆలాపన మీద ఇంకో గొంతెక్కుతుంది.

అంతర్వేది హరికథ ఇప్పుడు మొదటి మూడక్షరాలు కొట్టగానే వస్తోంది. ఫోన్ నంబరున్న ఫైళ్లు ఇంకా 212 మిగిలాయి, కార్తీకం లోపల తుడిచేయాలి.