పన్నెండో రోజు తర్వాత

మా పక్కింటి అక్క భర్త పోయి మూడేళ్లయింది. మొన్న పింఛను కోసం ఆమెతో వెళ్తే వేలిముద్ర పడలేదు. పత్తి ఏరీ ఏరీ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, చివర్లు పగిలి నల్లబడ్డాయి, కొంగుతో తుడుచుకుని మళ్లీ మళ్లీ మిషన్ మీద పెడుతుంటే నాకు కడుపులో దేవినట్టయింది. 2,016 రూపాయల కోసం ఇది మూడోసారి తిరగడం.

దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడం పవిత్రమైన భక్తిలో భాగం అంటుంది బైబిల్లోని యాకోబు పత్రిక 1:27. పరామర్శ అంటే మనకు చావు జరిగిన ఇంటికెళ్లి పదకొండు రోజులు కనబడడం. అసలు కష్టం పన్నెండో రోజు మొదలవుతుంది కదా!

బైబిల్లోనే ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం నాకు ఇంకా ఇష్టం. పొలంలో ఒక పన, అంటే కోసిన పైరు కట్ట, మరిచిపోతే వెనక్కి వెళ్లి తెచ్చుకోవద్దు, అది పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి. బైబిల్లో భర్త పోయిన రూతు అలాగే పరిగె, అంటే కోత తర్వాత పొలంలో మిగిలిన కంకులు, ఏరి అత్తను పోషించింది. ఇప్పుడు వరంగల్ చుట్టూ హార్వెస్టర్లే, వంగి ఏరుకునే పనే తగ్గిపోయింది. మరి మన జీతంలో పరిగె ఎక్కడ వదులుతున్నాం?

1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి కూడా, కరువులో జనానికి పని ఇచ్చి అన్నం పెడుతూ కట్టించిందే.

మా అమ్మమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి స్టీలు డబ్బాలో వేసేది, నిండగానే చర్చికి పంపేది. ఆ డబ్బా మొన్న అటక మీద నుంచి దించి కడిగాను. సోమవారం అక్కతో మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నా, పింఛను చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాం.