కిరాణా చీటీ తెచ్చి చూపించండి

సరుకులు ఎలా కొనాలో చెప్పమని వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది పోయిన నెల కిరాణా చీటీ. ఇంట్లో ఏం తింటున్నారంటే అందరూ పప్పు, ఆకుకూర అనే చెబుతారు. చీటీకి మొహమాటం ఉండదు.

మా పొదుపు సంఘం ఆడవాళ్ల చీటీల్లో బియ్యం, నూనె తర్వాత డబ్బు ఎక్కువగా పోయేది పిల్లల పాలలో కలిపే పొడికి, బిస్కెట్లకు. ఆ పొడి డబ్బా ధరకు ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేయమన్నాను. ముప్పై దాటాయి. లెక్క వేసిన అమ్మాయి "అక్కా, ఇంకోసారి చేయనా?" అని అడిగింది. డబ్బా వెనక పదార్థాలను బరువు ఎక్కువున్న దాని నుంచి వరుసగా రాయాలన్నది నిబంధన. ముందు వైపు ఎంత పొడుగు పిల్లవాడి బొమ్మ ఉన్నా సరే, వెనక రెండో పేరు చక్కెర అయితే అది తీపి పొడే.

తర్వాత నూనె. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలు. నలుగురు పెద్దలకు నెలకు సుమారు మూడున్నర లీటర్లు. చిన్నపిల్లలుంటే ఇంకా తక్కువ. అయిదు లీటర్ల క్యాను తెచ్చే ఇంట్లో ఆ మిగులు డబ్బుతో పెసలు, బొబ్బర్లు కొనవచ్చు.

ఎర్రగడ్డ రైతు బజారులో సంచి విప్పే ముందు ధరల బోర్డు చదవాలి. ఆకుకూర కట్టల ధర ఒకటే అయినా లావు ఒకటి కాదు, రెండు మూడు చోట్ల చేత్తో పట్టి చూడాలి. పొద్దెక్కాక ధర దిగుతుందని ఆగడం దొండకాయకు సరే, తోటకూరకు వద్దు. మునగాకు కొనేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. బస్తీలో మూడు చెట్లున్నాయి!

ఓట్స్ మంచివేనా అని అడుగుతారు. మంచివే, పేచీ అంతా ధరతోనే. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, జావ కాయడం అందరికీ వచ్చు.

ఈసారి మగవాళ్లు కూడా రావాలన్నాను. సాయంత్రం మిక్స్చరు పొట్లాలు, కూల్‌డ్రింకు సీసాలు తెచ్చేది వాళ్లే కదా. ఒకాయన వచ్చి, రోజూ పల్లీలు వేయించి పెడితే మిక్స్చరు మానేస్తానని భార్యతో బేరం పెట్టాడు. వేయించేది కూడా ఆయనే అయితే ఒప్పుకుంటానంది ఆమె.