ఎవరూ అడగని లెక్క

నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు కాలేజీలో చేరే ముందు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "టీచర్, రోజుకు ఎన్ని గంటలు చదవాలి?" ఈ గంటల గోల నాకు మొదటినుంచీ గిట్టదు. నైటవుట్ చేసి ఎర్రబడ్డ కళ్లతో వచ్చి గొప్పగా చెప్పుకుంటే మరీ ఒళ్లు మండుతుంది.

స్కూల్లో హోంవర్క్ చూసేవాళ్లుంటారు, ఇంట్లో లేపి కూర్చోబెట్టేవాళ్లుంటారు. కాలేజీకి వచ్చాక వెంటపడేవాళ్లు తగ్గిపోతారు. అసైన్‌మెంట్‌కు గడువు చెప్పి వదిలేస్తారు, మధ్యలో మొదలుపెట్టావా అని అడిగే నాథుడుండడు. అందుకే ఈలోపే మార్కులు పడని, ఎవరూ చూడని పని ఒకటి పెట్టుకోమంటాను. చిన్నదే చాలు, కానీ రోజూ ఒకే వేళకు.

ఒకమ్మాయి రోజుకో లెక్క పెట్టుకుంది. సాయంత్రం స్నానం కాగానే ఫోన్ పక్క గదిలో పడేసి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద మొదలుపెడుతుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత. పక్కనే కారణం: "ఇక్కడ మైనస్ ఎందుకొచ్చింది?" ఆ తర్వాతే పుస్తకం తెరుస్తుంది. కొన్నాళ్లకు ఆ కాగితాలు తిరగేస్తే, మొదట్లో రెండో లైన్లోనే పడ్డ గీత మెల్లగా పేజీ అడుగుకి దిగింది.

పుస్తకం మూయడం ఉత్త పట్టుదల కోసం చెప్పే మాట కూడా కాదు. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి. చదువుతున్నప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతాం.

ఒకరోజు తప్పితే ఇక అయిపోయిందని టెన్షన్ పడేవాళ్లున్నారు. 21 రోజుల్లో అలవాటైపోవాలట! యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి పట్టిన కాలం మీడియన్ (అందరి అంకెలూ వరుసగా పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు. కాబట్టి నిన్న మానేస్తే ఇవాళ రెండు చేయక్కర్లేదు, ఇవాళ్టిది చేస్తే సరి.

ఆ అమ్మాయిలో నాకు బాగా నచ్చిన మార్పు మాత్రం వేరే. ఇదివరకు నోట్‌బుక్ నా ముందుకు తోసి "టీచర్, ఇది రావట్లేదు" అనేది. ఇప్పుడు గీత గీసిన కాగితం పట్టుకొచ్చి, "ఇక్కడిదాకా చేశాను టీచర్, ఈ స్టెప్ దగ్గర ఆగింది" అంటోంది. చాలాసార్లు ఆ మాట చెబుతూండగానే తప్పు తనకే కనబడి, నేను నోరు తెరిచేలోపే కాగితం లాక్కుపోతుంది.