జ్ఞానదంతం తీయించుకున్నాను

మా ఇంట్లో పన్ను పీకించుకోవడమంటే ఆపరేషన్ కంటే పెద్ద భయం. రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫీలియా అనే జబ్బు ఉందని ఇంకా తెలియని రోజుల్లో మా మేనమామ హిందూపురంలో పన్ను తీయించుకున్నాడు. మొదటి రోజు బాగానే ఉంది. ఆ తర్వాతే మొదలైంది. గడ్డ కట్టడం, ఊడిపోవడం, మళ్ళీ రక్తం కారడం. తెల్లారేసరికి దిండు గలీబు తడిసిపోయేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ జబ్బే అమ్మ వైపు నుంచి నాకూ వచ్చింది. నాది మధ్యస్థ రకం హిమోఫీలియా ఏ. అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ ఎనిమిది అనే ప్రోటీన్ మామూలు మనిషిలో ఉండేదానిలో 1 నుంచి 5 శాతం మధ్యే ఉంటుంది.

బెంగళూరులో ఉద్యోగం చేస్తుండగా కింది దవడలో జ్ఞానదంతం పుచ్చి చెంప వాచింది. కె.ఆర్.పురంలో మా ఇంటి దగ్గరి డెంటల్ క్లినిక్‌లో జబ్బు పేరు చెప్పగానే "ఇది ఇక్కడ చేయకూడదు, పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్నారు. సరైన మాటే. నొప్పికి పారాసెటమాల్‌తో సరిపెట్టుకున్నాను. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి మాకు పడవు, రక్తస్రావం పెరుగుతుంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మది మదనపల్లె. దవడ మొద్దుబారడానికిచ్చే ఇంజెక్షన్ లోతుగా దిగుతుందని, అక్కడ రక్తం చేరితే వాపు గొంతుదాకా పాకి ఊపిరికే అడ్డమవుతుందని, అందుకని ముందే ఫ్యాక్టర్ ఎక్కించాలని చెప్పారు. తర్వాత వారం పాటు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు. గడ్డ కట్టాక మళ్ళీ మాత్రలెందుకు మేడమ్ అని అడిగాను.

"చెరువుకట్టకు గండి పూడిస్తే సరిపోతుందా? ఆ మట్టి కోసుకుపోకుండా చూడాలి కదా!" అన్నారావిడ.

మా మామకు ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థమైంది. గడ్డలో ఫైబ్రిన్ అనే దారాల వల ఉంటుంది. దాన్ని కరిగించేది ప్లాస్మిన్. లాలాజలంలో ఆ కరిగించే పనిని పురికొల్పే పదార్థాలు ఉంటాయి కాబట్టి, అసలే బలహీనంగా కట్టిన మా గడ్డ నోట్లో నిలవదు. ప్లాస్మిన్‌గా మారే ప్లాస్మినోజెన్ వెళ్ళి ఫైబ్రిన్‌ను పట్టుకునే చోటును ఈ మందు ముందే ఆక్రమిస్తుంది. కొత్తగా గడ్డ కట్టించదు, కట్టినదాన్ని కాపాడుతుంది. జపాన్‌లో ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే కలిసి కనుగొన్న మందు ఇది, 1962లో వెలుగులోకి వచ్చింది. కాన్పులో రక్తం పోయి చనిపోయే తల్లుల కోసం ఆమె తపన పడ్డారట. ఆ తల్లికి నేనూ రుణపడ్డాను.

పన్ను తీసి కుట్లు వేశారు. మాత్రల మోతాదు నా బరువును, కిడ్నీల పరీక్షను చూసి రాశారు. అది మనిషిని బట్టి మారుతుంది. మాత్రలు మింగడమే కాక, 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి పొడిచేసి 10 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి మెల్లగా నోట్లో తిప్పుకోమన్నారు. గట్టిగా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. అమ్మ హిందూపురం నుంచి వచ్చి రాగిజావ చల్లార్చి ఇచ్చేది. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది, తిన్నాక వేసుకుంటే తగ్గింది.

మధ్యలో ఒక రాత్రి నోట్లో ఉప్పగా తగిలింది. అమ్మ ముఖం పాలిపోయింది. ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, ఆ మందు నీళ్ళలో తడిపిన గాజుగుడ్డను గట్టిగా కొరికి పట్టుకుని కూర్చున్నాను. ఆగింది! "చాలా, నాయనా?" అని అమ్మ నమ్మలేనట్టు అడిగింది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి చూపించుకుంటే, గడ్డ చెక్కుచెదరలేదన్నారు. రెండోసారి ఫ్యాక్టర్ అవసరం పడలేదు. ఫ్యాక్టర్ ఖరీదు తెలిసినవాళ్ళకు ఇది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

మోకాల్లో రక్తం చేరితే మాత్రం ఈ మాత్రల్ని నమ్ముకోవద్దని, దానికి ఫ్యాక్టరే కావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. మూత్రంలో రక్తం పడుతుంటే అసలే వాడకూడదు, గడ్డలు కరక్క మూత్రనాళం మూసుకుపోవచ్చు.

ఇప్పుడు మామను కూడా బెంగళూరు రమ్మన్నాను. ఆయనకు ఎన్నాళ్ళుగానో ఒక పన్ను కదులుతోంది. ఈమధ్య మూత్రంలో రక్తం కనిపించిందట కాబట్టి, ముందు కిడ్నీల స్కాన్ చూసి, ఆ తర్వాతే పన్ను సంగతి చూస్తామన్నారు.