దీపం ఫొటో గొడవ

"అమ్మమ్మ భలే పడింది కదమ్మా, అచ్చం ఫోన్‌లో తీసినట్టుంది" అంది చిన్నది.

మెచ్చుకోలుగానే అంది. అన్నం తింటూ, నా ఫోన్ లాక్కుని చూసి, మళ్ళీ పప్పులో పడిపోయింది. దానికి ఆ మాట గుర్తు కూడా ఉండదు. నాకు మాత్రం గిన్నెలు సర్దుతున్నప్పుడూ అదే, గేటు తాళం వేస్తున్నప్పుడూ అదే. ఈయన పడుకున్నారు. అత్తయ్య గదిలో టీవీ ఇప్పుడే ఆగింది. నిద్ర రాక ఇది రాస్తున్నాను.

నా ఫిల్మ్ కెమెరా రీలు లాబ్ నుంచి ఈరోజే వచ్చింది. కార్తీకంలో ఎక్కించాను, సంక్రాంతికి గానీ అయిపోలేదు. ఇచ్చాక కూడా లాబ్ వాళ్ళు వెంటనే కడగరు, కొన్ని రీళ్ళు పోగవ్వాలి. అలా కార్తీకమాసం దీపాన్ని మాఘంలో చూస్తున్నాం. రీలు, కడగడం, స్కాన్ కలిపితే ఖర్చు వెయ్యి ఎప్పుడో దాటింది. ఆ లెక్క ఈయనకి చెప్పను, మీరూ చెప్పకండి.

36 ఫొటోల్లో నేను ఎదురుచూసింది ఒక్కదాని కోసం. అమ్మ తులసికోట దగ్గర దీపం పెడుతున్నది. ఆ సాయంత్రం బాగా మసకపడ్డాక మెట్లమీద కూర్చుని ఉన్నాను. ప్రమిద వెలుగు అమ్మ చేతులమీద పడుతోంది, కాస్త గడ్డం కింద, ఇంకాస్త ముక్కుపుడక మీద. మిగతాదంతా చీకటే. పెరటి గోడ లేదు, బట్టల తీగ లేదు, పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు లేదు. మా పెరడు అంత అందంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అది అలాగే కావాలనుకున్నాను.

నా కె1000 గురించి చెప్పిందే మళ్ళీ చెబుతున్నానని తిట్టుకోకండి, ఇవాళ్టి కోపం అర్థం కావాలంటే తప్పదు. పెంటాక్స్ వాళ్ళు 1976 నుంచి 1997 దాకా, పెద్దగా మార్పుల్లేకుండా అదే కెమెరా చేస్తూ వచ్చారు. పేరులో 1000 అంటే సెకనులో వెయ్యో వంతు, దాని షట్టరు అంతకన్నా వేగంగా పడదు. ఫోకస్ నేనే తిప్పాలి, అపర్చర్, అంటే లెన్స్ ఎంత తెరుచుకోవాలో, నేనే పెట్టాలి, స్పీడు నేనే పెట్టాలి, ఫొటో తీశాక రీలు జరిపే లివర్ నేనే లాగాలి. సెల్లు ఒకటి ఉంటుంది, చిన్న గుండీ అంత, అది లైట్ మీటర్ కోసమే. సెల్లు చచ్చిపోయినా షట్టరు మాత్రం టకీమని పడుతుంది. మీటర్‌ని ఆపే బటన్ కూడా ఉండదు. లెన్స్‌కి మూత పెడితే ఆపినట్టు.

ఆ మీటర్ అంటే వ్యూఫైండర్‌లోంచి చూస్తే కుడిపక్కన కనబడే ఒక ముల్లు. మధ్యలో నిలబడితే వెలుతురు సరిపోయిందని. అయితే ఆ ముల్లుకి మనమేం చూస్తున్నామో తెలియదు. ఫ్రేమంతా కలిపి సగటు కట్టి, లోకమంతా మధ్యరకం బూడిదరంగులో ఉండాలనుకుంటుంది. తెల్ల పంచె కట్టుకున్న తాతయ్యని నిలబెట్టినా, నల్ల గేదెని నిలబెట్టినా దాని పంతం ఒకటే, ఇద్దరినీ ఆ బూడిదలోకి తెచ్చెయ్యాలి. ఆ సాయంత్రం కూడా అంతే. 400 స్పీడు రీలు, లెన్స్ పూర్తిగా తెరిచి రెండు దగ్గర పెట్టాను. ముల్లు సెకనులో ముప్ఫయ్యో వంతు పెట్టమంది. అది చెప్పినట్టు పెడితే చీకటి కాస్తా మబ్బుపట్టిన మధ్యాహ్నంలా తేలుతుంది. నేను నూట ఇరవై అయిదో వంతు పెట్టాను. అంటే రెండు స్టాపులు తక్కువ, అది అడిగిన వెలుతురులో నాలుగో వంతే. ముల్లు కింద పడిపోయింది. పడనీ అనుకుని నొక్కాను.

ఈ కెమెరాలో నాకు నచ్చేది ఆ ఒక్క క్షణమే. ముల్లు సలహా ఇస్తుంది, వినకపోతే ఏమీ అనదు.

ఇక లాబ్ నుంచి వచ్చిన ఫొటో చూడండి. అమ్మ మొహం మొత్తం కనబడుతోంది. గోడ కనబడుతోంది. గోడమీద పెచ్చులూడిన చోటు కనబడుతోంది. తీగమీద ఈయన బనీను కనబడుతోంది. ట్యాంకు ఉంది, దానిమీద కంపెనీ పేరు చదవచ్చు. నల్లగా ఉండాల్సిన చోటల్లా బూడిదరంగు, దానిమీద ఇసుక చల్లినట్టు గింజలు. దీపం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఫోన్ చేశాను. అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడాడంటే కోప్పడటానికి కూడా కుదరలేదు.

"అది చాలా డార్క్‌గా వచ్చింది మేడమ్. మేమే కరెక్షన్ చేశాం. దానికి చార్జ్ ఏం వెయ్యలేదు."

చార్జ్ వెయ్యలేదట! అలా ఎందుకు చేశారంటే "క్లియర్‌గా ఉండాలి కదా మేడమ్" అన్నాడు. ఎవరికి క్లియర్‌గా ఉండాలి? చీకట్లో తీసిన ఫొటో చీకటిగా ఉంటే తప్పేంటి? పైగా నెగటివ్ కట్ చేయకుండా చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చారు, గీతలు పడవా? నయం, ఇచ్చారు. "నెగటివ్‌లు కూడా తీసుకెళ్తారా మేడమ్, చాలామంది వదిలేస్తారు" అన్నాడు మొన్న. అసలు ఫొటో అదే కదా బాబూ, నువ్వు వాట్సాప్‌లో పంపేది దాని నకలు అని చెప్పాలనిపించింది. వెనకాల ఇంకో కస్టమర్ నిలబడి ఉన్నాడని ఊరుకున్నాను.

కడగడంలో వాళ్ళని ఏమీ అనను. కలర్ నెగటివ్ ప్రపంచంలో ఎక్కడ కడిగినా ఒకటే పద్ధతి, సీ-41 అంటారు. డెవలపర్ 37.8 డిగ్రీలు, 3 నిమిషాల 15 సెకన్లు. అందులో సొంత తెలివికి చోటులేదు, చూపిస్తే రంగులు పోతాయి. తెలివంతా స్కాన్ దగ్గర బయటికొస్తుంది. అక్కడ కూర్చున్న మిషన్‌కి కూడా నా ముల్లుకున్న పంతమే, అన్నీ మధ్యరకంలో ఉండాలి. కెమెరాలో నేను వద్దన్న సలహాని, నా వెనక, లాబ్‌లో అమలు చేశారన్నమాట. మరి మాన్యువల్ కెమెరా అని మురిసిపోవడం దేనికి?

ఇదంతా ఈయనకి చెబితే ఒక్క ముక్కలో తేల్చేశారు. "నీ మనసులో చీకటి ఉందని వాడికెలా తెలుస్తుంది?" లాబ్‌కి రోజూ ఎన్ని నల్లటి ఫొటోలొస్తాయో, అందులో తొంభైపాళ్ళు కుదరక నల్లబడినవే అయ్యుంటాయి, వాటిలో నీదొకటి అనుకున్నాడు, పాపం బాగుచేశాడు అని. నెగటివ్‌కి వెలుతురు బాగా ఇచ్చి ప్రింటులో చీకటి చేసుకోవాలి గానీ, నెగటివ్‌నే పస్తు పెడితే మిషన్ ఏం చేస్తుందని ఇంకో క్లాసు. ఇది నేనే ఆయనకి ఎప్పుడో చెప్పిన పాఠం. నామీదే ప్రయోగించారు.

అప్పటినుంచీ నా బుర్రలో మా రేపల్లె స్టూడియో ఆయనే తిరుగుతున్నాడు.

నాన్నమ్మ పోయినప్పుడు, 1987లో, ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఎప్పుడూ కెమెరా ముందుకి వచ్చేది కాదు. ఎంత వెతికినా దొరికింది బాబాయి పెళ్ళి గ్రూప్ ఫొటో ఒక్కటే. రెండో వరసలో, పెద్దత్తకీ ఎవరో దూరపు చుట్టానికీ మధ్యన నాన్నమ్మ ఉంది. ఫ్లాష్ వెలిగేసరికి రెప్ప వేసేసింది. ఉన్న ఒక్క ఫొటోలోనూ కళ్ళు మూసుకుని ఉంది.

పదకొండో రోజుకి ఫొటో కావాలి. నాన్న ఆ గ్రూప్ ఫొటో తీసుకుని స్టూడియోకి వెళ్తే నన్నూ తీసుకెళ్ళాడు. లోపల ఎర్ర లైటు, పుల్లటి వాసన, తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసిన పాస్‌పోర్ట్ సైజు మొహాలు. అల్మరాలో 'ఇందు' బ్రాండు ఫొటో పేపరు డబ్బాలు ఉండేవి, ఊటీలో తయారయ్యేది ఆ పేపరు. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. కాపీ తీసి, పక్కనున్నవాళ్ళని తీసేసి, పెద్దది చెయ్యొచ్చు, కళ్ళు మాత్రం టచింగ్ చెయ్యాలి అన్నాడు. టచింగ్ అనేది అప్పట్లో అందరికీ తెలిసిన మాటే. పెళ్ళిచూపుల ఫొటో అయితే అడక్కుండానే రెండు ఛాయలు తెల్లగా చేసేవాళ్ళు, మొటిమలు పెన్సిల్‌తో కప్పేసేవాళ్ళు, దానికి విడిగా డబ్బులు. ఎవరూ గొడవపడినట్టు నేను వినలేదు.

"కళ్ళు ఎలా ఉండేవండీ మీ అమ్మగారివి?" అని అడిగాడు.

నాన్న నోట మాట రాలేదు. ఎలా ఉండేవంటే ఏం చెబుతాడు? పెద్దగానా, చిన్నగానా? కాసేపు చూసి ఆయనే, "పోనీ ఆడపిల్లల్లో ఆవిడ పోలిక ఎవరిది?" అన్నాడు. పెద్దత్తది అని నేను చెప్పాను. నాన్న తలూపాడు.

ఆ సాయంత్రం ఆయనే ఇంటికొచ్చాడు, చిన్న పెట్టె పట్టుకుని. చావింట్లో కాబట్టి కాఫీ ఇవ్వాలా వద్దా అని ఆడవాళ్ళు లోపల తర్జనభర్జన పడుతున్నారు. పెద్దత్తని వసారాలో వెలుతురుకి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మొహం కడుక్కుని రమ్మన్నాడు. ఎండ మళ్ళేదాకా ఆవిడ కళ్ళలోకి చూస్తూ, సన్నటి బ్రష్‌తో ప్రింటుమీద గీశాడు. మధ్యలో "కొంచెం పైకి చూడమ్మా" అనేవాడు. పెద్దత్తకి అంతసేపు ఎవరో మగాడు తన కళ్ళలోకి చూడటం సిగ్గు. మేం పిల్లలం చుట్టూ మూగి, నవ్వొస్తే తిడతారని నోళ్ళు మూసుకున్నాం. చివర్లో బొట్టు కూడా పెద్దది చేశాడు, తాతయ్య అడిగితే.

ఆ ఫొటోయే ఇప్పటికీ బాబాయి వాళ్ళ హాల్లో దండతో ఉంది. నాన్నమ్మకి కుడి రెప్ప కాస్త వాలి ఉండేది. ఫొటోలో రెండు కళ్ళూ సమానం. తద్దినానికి వచ్చినప్పుడల్లా పెద్దత్త అనేది, "నాకు నేనే దణ్ణం పెట్టుకుంటున్నట్టుంటుందే" అని. ఆవిడా పోయి చాలాకాలమైంది. ఆవిడ కళ్ళు చూడాలనిపిస్తే నేను నాన్నమ్మ ఫొటోయే చూస్తాను.

ఇది గుర్తొచ్చాక లాబ్ అబ్బాయి మీద కోపం పోవాలి కదా, పోలేదు. ఇంకా గట్టిపడింది. స్టూడియో ఆయన అడిగాడు. ఇంటిదాకా వచ్చి, స్టూలు వేయించి, అడిగి మరీ గీశాడు. వీళ్ళకి నా నంబరు ఉంది, "మేడమ్, ఇది ఇలాగే ఉంచాలా" అని ఒక్క మెసేజ్ పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఇంతవరకూ రాసి, ఇక్కడితో ఆపేసి పడుకుందామనుకున్నాను.

కానీ ఆయన అడిగింది ఎవరిని? నాన్నని అడిగాడు, తాతయ్యని అడిగాడు. ఫొటోలో ఉన్నావిడ అడిగినా చెప్పే స్థితిలో లేదు. ఉంటే అసలు ఫొటోయే వద్దనేది.

నా ఫొటోలో ఉన్నావిడ నిక్షేపంగా ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ కూడా చేసింది. చిన్నది ఆ ఫొటో పంపేసిందట, నన్నడక్కుండా. అమ్మ గొంతులో అంత సంతోషం విని చాన్నాళ్ళయింది. "నా మొహం ఇంత బాగా ఎప్పుడూ పడలేదే, మీ పిన్ని కూడా పోల్చుకోలేదు, పదేళ్ళు తగ్గానంది" అంది. డీపీ పెట్టేసుకుంది. నేను అనుకున్నట్టు వచ్చి ఉంటే అందులో అమ్మవి చేతులూ, గడ్డమూ, ముక్కుపుడకా మాత్రమే ఉండేవి. "నేనేదే ఇందులో" అని అడిగేది, నాకు తెలుసు. మెట్లమీద కూర్చుని చీకటి ఎంత బాగుందో అని నేను చూస్తున్నప్పుడు, అమ్మ మాత్రం లైటు వెయ్యమని కేకేసింది. వెయ్యలేదు నేను. ఇంకో నిమిషం ఆగమన్నాను.

అయినా సరే, నెగటివ్ నా దగ్గరుంది. కిటికీ కాగితంలా పలచగానే వచ్చింది గానీ దీపం ఉన్నచోట నల్లటి చుక్క గట్టిగా ఉంది, నెగటివ్‌లో వెలుగే నలుపు కదా. నల్లగా కావాలని చెప్పి స్కాన్ చేయిస్తే నా చీకటి నాకు వస్తుంది. రేపు వెళ్ళి కవరు మీద పెద్ద అక్షరాలతో "వెలుతురు పెంచవద్దు" అని రాసి ఇస్తాను. ఈసారి నెగటివ్‌ని ఆరు ఫొటోలకో ముక్క చొప్పున కట్ చేయించి, తొడుగుల్లో పెట్టించుకుని గానీ రాను.

మిగతా ఫొటోల్లో అత్తయ్య పూలు గుచ్చుతున్నది మాత్రం చాలా బాగా వచ్చింది, ముల్లు చెప్పినట్టు పెట్టిందే. దాని గురించి ఇంకోసారి.

అమ్మ పెద్ద సైజు ప్రింటు కావాలంది, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటుందట. లాబ్ వాళ్ళు పంపిందే వేయిస్తాను. బనీను మాత్రం తీసేయమని చెప్పాలి.