గిటార్ ఖాళీ చేసిన జాగా

హార్బర్ ఫ్రీవే దక్షిణ దిక్కున ఎక్కడ అయిపోతుందో అక్కడ శాన్ పీడ్రో మొదలవుతుంది. 1909లోనే లాస్ ఏంజెలెస్ నగరంలో కలిపేసినా, ఈ ఊరికి హాలీవుడ్ తళుకు ఇప్పటికీ అంటలేదు. కంటెయినర్లు ఎత్తే క్రేన్లు, 1963లో కట్టిన ఆకుపచ్చ విన్సెంట్ థామస్ వంతెన, ఒకప్పుడు చేపల వేటతో బతికిన క్రొయేషియా, ఇటలీ కుటుంబాల వీధులు. విశాఖ రేవు దగ్గర పెరిగినవాణ్ని కాబట్టి, కారు అద్దం దించగానే లోపలికొచ్చిన ఉప్పుగాలీ డీజిలూ కలిసిన వాసన నాకు కొత్తగా అనిపించలేదు.

ఇక్కడికి వచ్చేవాళ్లు మామూలుగా కొండ మీది కొరియా స్నేహ గంటనో, 1874 నాటి పాయింట్ ఫెర్మిన్ దీపస్తంభాన్నో చూసి వెళతారు. నేను వచ్చింది బేస్ గిటార్ వాయించే మైక్ వాట్ ఊరు చూద్దామని, రాత్రికి పక్క ఊళ్లో ఆయన కచేరీ విందామని.

పాట అడుగున మంద్రస్వరాలు పలికే ఈ బేస్ గిటార్ మీద నాకు మోజు పుట్టించింది ఇళయరాజా. పాట కింద ఇంకో పాట నడుస్తోందని చిన్నప్పుడు టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. ఆ చెవితో హార్డ్‌కోర్ పంక్ వింటే మొదట్లో తలనొప్పే. అంతా వేగం, అరుపు. బేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈ ఊరి ముగ్గురు కుర్రాళ్ల పంక్ బ్యాండ్ మినిట్‌మెన్ వినేదాకా నా అభిప్రాయం మారలేదు. డి. బూన్ గిటార్, జార్జ్ హర్లీ డ్రమ్స్, వాట్ బేస్. 1980లో వచ్చిన వాళ్ల తొలి రికార్డులో ఏడు పాటలుంటే, అన్నీ కలిపి ఏడు నిమిషాలు కూడా లేవు. మరుసటి ఏడాది పద్దెనిమిది పాటలు పదిహేను నిమిషాల్లో ముగించారు. మన సినిమా పాటలో పల్లవి అందుకునేలోపు వీళ్ల పాట అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. ఆ హడావుడిలోనూ బేస్ ప్రతి స్వరం విడివిడిగా, లెక్క చెప్పినట్టు వినిపిస్తుంది. అది ఎలా సాధ్యమన్నదే నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది.

ముందు పెక్ పార్కుకు వెళ్లాను. నౌకాదళంలో పనిచేసే తండ్రితో వర్జీనియా నుంచి వచ్చిన కుర్రాడు వాట్. పదమూడేళ్లప్పుడు ఈ పార్కులో నడుస్తుంటే చెట్టు మీంచి ఒక పిల్లవాడు అతని ముందు దూకాడు. వేరే స్నేహితుడనుకుని దూకిన ఆ పిల్లవాడే బూన్. ఇద్దరినీ వాద్యాలు పట్టమని పోరి, కొడుక్కి గిటార్, అతని స్నేహితుడికి బేస్ అని తేల్చేసింది బూన్ వాళ్లమ్మ. బేస్ అంటే ఏమిటో వాట్‌కు తెలియదు. నాలుగు తీగలుండే గిటారే బేస్ అనుకుని, మామూలు గిటార్‌కు నాలుగే తీగలుంచి చాలాకాలం వాయించాడు. తర్వాతెప్పుడో అసలు బేస్ చూసి, ఆ తీగల లావుకు నోరెళ్లబెట్టాడు.

పార్కులో ఇప్పుడు పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. కాసేపు చెట్ల కింద తిరిగి, సముద్రం వైపు పాయింట్ ఫెర్మిన్‌కు వచ్చేశాను. బల్ల మీద కూర్చుని చెవిలో ఇయర్‌ఫోన్, ఒడిలో బేస్ పెట్టుకున్నాను. శబ్దం పెంచే పెట్టె, అదే యాంప్, లేని బేస్ కాబట్టి పక్కన పుస్తకం చదువుకుంటున్న పెద్దాయనకు ఇబ్బంది లేదు. ఒక నిమిషం పాటను సగం వేగానికి తగ్గించి, చూపుడు వేలి కింద ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ వాయించాను. అలా నెమ్మదిగా వింటేనే తెలిసింది: గిటార్‌లో మంద్రం అసలు లేదు. బూన్ తన యాంప్‌లో కింది స్వరాలన్నీ తగ్గించేసి, గీరినట్టుండే పై స్వరాలు మాత్రమే ఉంచుకునేవాడు. కావాలనే చేశాడు. రాక్ సంగీతంలో గిటార్‌దే జమీందారీ, బేస్ వాయించేవాడు మూలన నిలబడే కౌలుదారు. రాజకీయాలు ఒంటబట్టించుకున్న ఈ కుర్రాళ్లు ఆ జమీందారీని రద్దు చేసి, భూమిని ముగ్గురికీ సమానంగా పంచుకున్నారు. కింద ఖాళీ అయిన జాగాలోకి వాట్ అడుగుపెట్టాడు. గిటార్ తెగ్గొట్టినట్టు ఒక తీగపట్టు వేసి ఆగితే, బేస్ ఆ సందులో పైమెట్లదాకా పాకి, మళ్లీ కింది తీగకు దిగి, అక్కడ ఊరుకుంటుంది. నా వేళ్లు ఆ ఊరుకోవడం దగ్గరే మొరాయించాయి. వాయించడం ఆపమంటే వాటికి ఎక్కడలేని కంగారు.

తర్వాత సిక్స్త్ స్ట్రీట్. 1931 నాటి వార్నర్ గ్రాండ్ థియేటర్ ముందు ఆగాను. మినిట్‌మెన్ మీద తీసిన డాక్యుమెంటరీని 2005లో తొలిసారి వేసింది ఇక్కడే. వీళ్ల పొదుపు గురించి వింటే మన మధ్యతరగతి గృహిణులు మెచ్చుకుంటారు. అద్దె తక్కువని అర్ధరాత్రి స్టూడియోకు వెళ్లడం, పాత టేపు మీదే రికార్డు చేయడం, కత్తిరించి అతికించే ఖర్చు తప్పించుకోవడానికి పాటల్ని వరుస క్రమంలోనే వాయించేయడం. 1984లో వచ్చిన నలభై అయిదు పాటల డబుల్ ఆల్బమ్‌కు వాళ్లకైన ఖర్చు 1,100 డాలర్లు. దాని అట్ట మీద వాట్ తన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను అప్పటి వేగ పరిమితికి సరిగ్గా, గంటకు 55 మైళ్ల వేగంతో నడుపుతుంటాడు, పైన శాన్ పీడ్రో బోర్డు. యాభై అయిదులో నడపడం తన వల్ల కాదని పాట కట్టిన ఒక రాక్ గాయకుడికి అది చురక: బండి నెమ్మదిగా నడిపినా సంగీతంలో తెగువ ఉంటే చాలదా అని.

ఆ మరుసటి ఏడాది డిసెంబర్ 22న అరిజోనా ఎడారిలో వ్యాన్ ప్రమాదంలో బూన్ చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు. వాట్ బేస్ పక్కన పడేశాడు. ఒహాయో నుంచి ఎడ్ క్రాఫర్డ్ అనే అభిమాని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చి, కలిసి వాయిద్దామని వెంటపడ్డాడు. 1986లో అలా పుట్టిన ఫైర్‌హోస్ బ్యాండ్ 1994 దాకా నడిచింది. అభిమానమంటే అతనిది. నేను పార్కులో ఫోటోలు తీసుకుని తిరిగిపోయే రకం.

రాత్రి కచేరీ చిన్న బార్‌లో. వేదిక మోకాలెత్తు కూడా లేదు కాబట్టి ఆయన ఎడమచెయ్యి నాకు బారెడు దూరంలో ఉంది. వాయించేది పొట్టి బేస్, తీగ పొడవు 30 అంగుళాలు; మామూలు వాటికి 34. పొట్టి బేస్ కొన్నందుకు మిత్రులు వెక్కిరిస్తే చూపడానికి నాకో గొప్ప సాక్ష్యం దొరికింది. గిటార్ హోరెత్తినప్పుడు ఆయన దానితో పోటీకి పోలేదు. ఒకే స్వరం పట్టుకుని, డ్రమ్ముకు వెంట్రుకవాసి వెనకగా దాన్ని మోపుతూ వచ్చాడు. పాటంతా దాని మీద నిలబడింది. ఎప్పటిలాగే చివర్లో, మీ సొంత బ్యాండ్ పెట్టుకోండని జనానికి గట్టిగా చెప్పాడు.

మాకు బ్యాండ్ ఉంది, పాపం అలాంటిదే. ఉగాదికి తెలుగు సంఘం వేదిక మీద పాత సినిమా పాటలు వాయిస్తాం. తిరిగొచ్చిన వారం గ్యారేజీలో మా గిటార్ మిత్రుడితో యాంప్‌లో మంద్రస్వరాల మీట సున్నాకు తిప్పమన్నాను. జమీందారీ రద్దు కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, టీ తాగాడు, మీట మాత్రం ముట్టుకోలేదు. ఉగాదికి ఇంకా టైముంది కదా, చర్చలు జరుగుతున్నాయి.