మంద్ర షడ్జం వినిపించని ఇయర్‌ఫోన్ - నా అనుభవం

నిన్న సాయంత్రానికి ఈ గొడవ తీరింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను.

నేను సంగీతం నేర్చుకుంటున్నాను. టీచర్‌గారి పాఠం రికార్డు చేసుకుని, మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం చేరేదాకా వింటాను. పాత ఇయర్‌ఫోన్ పాడైంది. రెండు వేల లోపు, వైరుతో కావాలి. ఫోన్‌కు ఇయర్‌ఫోన్ జాక్ లేదు, వైరు తగిలించడానికి టైప్-సి డాంగిల్ కొన్నాను. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

ఐదొందలది, తొమ్మిదొందలది ఆన్‌లైన్‌లో తెప్పించాను. పద్దెనిమిది వందలది సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో తీసుకున్నాను. మూడు డబ్బాల మీదా ధ్వని పరిధి 20-20,000 హెర్ట్జ్ అనే ఉంది. దాన్ని చూసి కొనకండి, నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు.

ఒకే పాఠం మూడింటిలోనూ విన్నాను. తొమ్మిదొందలదే గొప్పగా అనిపించింది. తీరా చూస్తే, అదే వాల్యూమ్‌లో అది మిగతావాటికంటే గట్టిగా మోగుతోంది. గట్టిగా మోగేదే చెవికి మంచిదనిపిస్తుంది. రెండు గీతలు తగ్గించి సమానం చేశాక విన్నాను. గొంతు బాగానే ఉంది కానీ 'స' అక్షరం పలికినప్పుడల్లా చెవిలో గుచ్చుతోంది.

అసలు బాధ పద్దెనిమిది వందలదానితో. పాఠం వెనక మోగే తంబురాలో మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి 'స' స్వరం, వినిపించడం లేదు! నేను పాడే ఆధార స్వరం ఐదు శ్రుతి, దానికి ఆ తీగ 98 హెర్ట్జ్ దగ్గర పలకాలి. ఐదొందలదానిలో వినిపించేది దీనిలో ఎందుకు వినిపించదు? డబ్బా పట్టుకుని దుకాణానికి వెళ్లాను. ఓనరు చూడనైనా చూడలేదు. "తెరిచింది వాపసు తీసుకోం. చెవిలో పెట్టుకోవడం రాకపోతే మేమేం చేస్తాం మేడమ్?" అని పదిమంది వినేలా అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొనేటప్పుడు "రండి మేడమ్, కూర్చోండి" అన్న మనిషే ఆయన.

కౌంటర్ చివరనున్న కుర్రాడు డబ్బా అడుగు నుంచి చిన్న కవరు తీశాడు. "అక్కా, నీ చెవికి ఇవి చిన్నగైతున్నయి. గీ పెద్దవి పెట్టుకొని ఇను" అన్నాడు. ఎడమ చెవికి పెద్ద రబ్బరు టిప్ పెట్టగానే తంబురా నిండుగా పలికింది. కుడి చెవికి మధ్యరకమే సరిపోయింది. చెవికీ టిప్‌కీ మధ్య సందుంటే ముందు పోయేది మంద్ర ధ్వనేనట. ఈ ఒక్క మాట ఓనరు చెప్పలేడా? సరుకు అమ్మేవాడికి దాన్ని వాడే విధానం చెప్పే బాధ్యత లేదా? నేను ఆ దుకాణం మెట్టు మళ్లీ ఎక్కను.

మీరు కొంటే ముందు టిప్స్ అన్నీ మార్చి చూడండి. పెట్టుకున్నాక నోరు మూసి 'మ్' అని శ్రుతి పట్టండి. మీ గొంతు తలలోపల మోగితే సందు లేనట్టే. ఒక్కో చెవికీ విడిగా చూడండి.

ఇంటికొచ్చి మూడింటికీ సరైన టిప్స్ వేసి మళ్లీ మొదటినుంచీ విన్నాను. ఐదొందలదానిలో మంద్రం మరీ ఎక్కువై గొంతును కప్పేస్తోంది. తొమ్మిదొందలదానిలో ఆ గుచ్చుడు తగ్గలేదు. పద్దెనిమిది వందలదానిలో తంబురా వెనక నిలబడింది, టీచర్‌గారి గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, ముందుకొచ్చింది. తోడి రాగంలో గాంధార స్వరం ఊగుతున్న తీరు ఇవాళ పొద్దున మెట్రోలో మొదటిసారి స్పష్టంగా తెలిసింది.